ఇంప్లాంట్‌కు ముందు బోన్ గ్రాఫ్ట్: పన్ను తీయించే రోజు నుంచి స్క్రూ బిగించే దాకా

పోయిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే స్క్రూ, అంటే ఇంప్లాంట్ కోసం వెళ్తే డాక్టరు స్కాన్ చూసి "ఎముక సరిపోదండీ, పౌడర్ వేయాలి" అన్నారా? ఆ పౌడరే బోన్ గ్రాఫ్ట్. అది సిమెంటులా గట్టిపడి ఎముకైపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. కాకరపాదుకు వేసే పందిరి లాంటిదది. తీగ మీ ఒంట్లోంచే రావాలి. చుట్టూ ఉన్న దవడ ఎముకలోంచి సన్నటి రక్తనాళాలు, వాటి వెంట ఎముక కణాలు ఆ రేణువుల సందుల్లోకి పాకి కొత్త ఎముకను అల్లుకుంటాయి. పందిరి ఊగిసలాడితే తీగ నిలవదు. అందుకే ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నీ ఆ రేణువులు కదలకుండా, చిగురు తెరుచుకోకుండా, రక్తప్రసరణ తగ్గకుండా చూసుకోవడం చుట్టూనే తిరుగుతాయి.

పన్ను ఇంకా నోట్లోనే ఉంటే

ఇదే అన్నిటికన్నా మంచి సమయం, చాలామంది చేజార్చుకునేదీ ఇదే. పన్ను పోయాక దాన్ని పట్టుకుని ఉన్న ఎముకకు పనిలేదు, కరగడం మొదలుపెడుతుంది. మొదటి ఏడాదిలో వెడల్పు దాదాపు సగం దాకా తగ్గొచ్చు, అందులో ఎక్కువ భాగం తొలి 3 నెలల్లోనే పోతుంది. పెదవి వైపు గోడ ముందుగా కరుగుతుంది. పై ముందు పళ్ల దగ్గర ఆ గోడ మందం చాలామందిలో 1 మి.మీ. కూడా ఉండదు, కోడిగుడ్డు పెంకులా ఉంటుంది.

కాబట్టి "పీకేద్దాం" అనగానే ఒక ప్రశ్న అడగండి: "తీసిన రోజే గుంటలో గ్రాఫ్ట్ వేయాల్సిన అవసరం ఉందా?" ముందు పళ్లకు, బయటి గోడ పలచగా ఉన్నప్పుడు లేదా కొంత విరిగినప్పుడు జవాబు దాదాపుగా అవుననే వస్తుంది. దవడ పన్ను దగ్గర నాలుగు గోడలూ మందంగా ఉండి, 3 నెలల్లో ఇంప్లాంట్ వేయించుకునే ఉద్దేశం ఉంటే ఊరికే వదిలేసినా సరిపోవచ్చు. ఇక్కడ అందరికీ ఒకే సలహా పనికిరాదు.

తీసే పద్ధతి కూడా ముఖ్యమే. రెండు మూడు వేళ్లున్న పన్నును ముందు ముక్కలుగా కోసి, ఒక్కో వేరునూ విడిగా తీయాలి. బయటి గోడ మీద ఆనించి ఎత్తితే ఆ గోడ వేరుతో పాటు ఊడి వస్తుంది. తర్వాత గుంటలోని మెత్తటి ఎర్రటి కండను చెంచా లాంటి పరికరంతో పూర్తిగా గీకి తీయాలి. అది మిగిలిపోతే గ్రాఫ్ట్ ఎముకకు అతుక్కోదు. ఒక గుంటకు సుమారు 0.5 సీసీ రేణువులు పడతాయి, దవడ పన్నుకైతే కొంచెం ఎక్కువ. పైన కొలాజెన్ అనే మాంసకృత్తితో చేసిన మూత పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో కుట్టేస్తారు. చీము కారుతున్న గుంటలో మాత్రం ఆ రోజే గ్రాఫ్ట్ వేయమని పట్టుబట్టకండి. శుభ్రం చేసి 4 నుంచి 6 వారాలు ఆగితే చిగురు మూసుకుంటుంది, తర్వాత పని తేలిక.

పన్ను పోయి చాలా కాలమైతే: స్కాన్‌లో ఏ అంకెలు చూడాలి

మామూలు ఎక్స్‌రే ఎత్తు చూపిస్తుంది గానీ వెడల్పు చూపించదు. ఇంప్లాంట్‌కు సీబీసీటీ, అంటే దవడను అన్ని వైపుల నుంచీ కొలిచే త్రీడీ స్కాన్ కావాలి. రిపోర్టు చేతికొచ్చాక ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. మామూలుగా వాడే ఇంప్లాంట్ 3.5 నుంచి 5 మి.మీ. లావు, 8 నుంచి 13 మి.మీ. పొడవు ఉంటుంది. దానికి బయటి వైపు కనీసం 1.5 నుంచి 2 మి.మీ., లోపలి వైపు కనీసం 1 మి.మీ. ఎముక మిగలాలి. అంటే 4 మి.మీ. స్క్రూకు దాదాపు 7 మి.మీ. వెడల్పు ఉండాలి. పక్క పన్నుకు 1.5 మి.మీ., రెండు ఇంప్లాంట్ల మధ్య 3 మి.మీ. ఎడం ఉండాలి. కింది దవడలో పెదవికి స్పర్శ ఇచ్చే నరం కాలువ పైన 2 మి.మీ. ఖాళీ వదలాలి.

ఉదాహరణకు, కింది దవడ పన్ను చోట వెడల్పు 4.5 మి.మీ. ఉందనుకోండి. అక్కడ 4 మి.మీ. స్క్రూ దించితే ఇరువైపులా పావు మి.మీ. పొర మిగులుతుంది, అది నెలల్లో కరిగిపోయి స్క్రూ మరలు చిగురులోంచి బూడిదరంగులో కనిపిస్తాయి. ఇక్కడ కావాల్సింది పక్కకు 2.5 నుంచి 3 మి.మీ. పెంచే గ్రాఫ్ట్. పక్కకు పెంచడం బాగా నడిచే పని. పైకి, అంటే ఎత్తు పెంచడం మాత్రం చాలా కష్టం. 4 మి.మీ. పైన ఎత్తు పెంచుతామని తేలిగ్గా మాట ఇచ్చేస్తుంటే మరో అభిప్రాయం తీసుకోండి.

పై దవడ వెనక భాగం సంగతి వేరు. అక్కడ ఎముక పైనే సైనస్, అంటే ముక్కుకు కలిసే గాలి గది ఉంటుంది. మిగిలిన ఎముక ఎత్తు 8 మి.మీ. పైన ఉంటే చాలా సందర్భాల్లో సైనస్ జోలికి వెళ్లక్కర్లేదు. 5 నుంచి 8 మధ్య అయితే స్క్రూ రంధ్రంలోంచే సైనస్ పొరను మెల్లగా పైకెత్తి, కింద రేణువులు నింపి, అదే రోజు ఇంప్లాంట్ పెట్టొచ్చు. 4 కంటే తక్కువైతే సాధారణంగా పక్కనుంచి కిటికీ తెరిచి గ్రాఫ్ట్ నింపి, 6 నుంచి 9 నెలలు ఆగి అప్పుడు ఇంప్లాంట్.

గ్రాఫ్ట్ తప్పించుకునే దారులు

అడగడం తప్పు కాదు, అడగండి. ఎత్తు తక్కువైతే 6 మి.మీ. పొట్టి ఇంప్లాంట్ కొన్ని చోట్ల బాగానే పనిచేస్తుంది. మొత్తం పళ్లు పోయినవాళ్లకు వెనక స్క్రూలను ఏటవాలుగా పెట్టి, నాలుగు ఇంప్లాంట్ల మీద వరస కట్టే పద్ధతి ఉంది. అందులో సైనస్‌ను తప్పించుకుని ముందున్న ఎముకనే వాడతారు. పక్క పళ్లకు ఎలాగూ క్యాప్‌లు ఉంటే ఆ పళ్ల ఆధారంగా కట్టే మామూలు బ్రిడ్జి చాలు. డెబ్బై ఏళ్లు పైబడి, షుగరు అదుపులో లేని మనిషికి పెద్ద గ్రాఫ్ట్ కన్నా తీసి పెట్టుకునే పళ్ల సెట్టే మేలైన సందర్భాలూ ఉన్నాయి.

గ్రాఫ్ట్‌కు ముందు ఒంటి లెక్క

షుగరు: మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష 7 లోపు ఉంటే నిశ్చింత. 8 దాటితే మూడు నెలలు వాయిదా వేసి అదుపులోకి తెచ్చుకోవడమే లాభం.

రక్తం పలచబరిచే మాత్రలు: ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వంటివి మీ అంతట మీరు ఆపకండి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లకు మాత్ర ఆపితే వచ్చే ప్రమాదం చిగురు రక్తస్రావం కంటే చాలా పెద్దది. రక్తం ఆపడం డెంటిస్టుకు తెలుసు. మాత్ర మాట గుండె డాక్టరు చెప్పాలి.

ఎముకల బలానికి మాత్ర, ఇంజెక్షన్: ఇది చాలామంది చెప్పడం మర్చిపోతారు. వారానికో మాత్రగా వేసే అలెండ్రోనేట్, ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ వాడినవాళ్ల దవడ ఎముక గాయం మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. మొదటి రెండూ ఎముకలో ఏళ్ల తరబడి ఉంటాయి, మూడేళ్ల కిందట వేయించుకున్నా చెప్పాలి. క్యాన్సర్ కోసం ఎక్కువ మోతాదులో వాడినవాళ్లకూ, దవడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకూ గ్రాఫ్ట్ అంటే ఆచితూచి అడుగేయాలి.

పొగ, గుట్కా: సిగరెట్ రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. కనీసం ఒక వారం ముందు నుంచి, తర్వాత 8 వారాల పాటు పూర్తిగా మానాలి. "తగ్గించాను" అంటే చాలదు. గుట్కా, ఖైనీ వాడేవాళ్లలో నోరు తెరుచుకోవడం తగ్గి ఉంటుంది. మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూసుకోండి. అవి పట్టకపోతే వెనక దవడలో పరికరాలు కూడా పట్టవు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే పెద్దవాళ్లుంటే ముందు అంగిలి చూపించాలి. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అలవాటు వల్ల అక్కడ తెల్లమచ్చలు, పుండ్లు, క్యాన్సర్ కూడా రావచ్చు. వాటి సంగతి తేలాకే ఇంప్లాంట్ మాట.

చిగుళ్ల జబ్బు: పక్క పళ్లు కదులుతూ చీము పడుతుంటే దానికి చికిత్స ముందు, గ్రాఫ్ట్ తర్వాత.

ఏ పౌడరు? ముందే అడిగి తేల్చుకోండి

నాలుగు రకాలు. మీ సొంత ఎముక అన్నిటికన్నా చురుకైనది, ఎందుకంటే అందులో బతికున్న కణాలు ఉంటాయి. కింది దవడ వెనక మూల నుంచో గడ్డం నుంచో తీస్తారు. రెండో గాయం దానికి చెల్లించే మూల్యం. దానం చేసిన మనుషుల ఎముకను శుద్ధి చేసి, ఆరబెట్టి తయారుచేసేది మరొకటి. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి టిష్యూ బ్యాంకు గామా కిరణాలతో శుద్ధి చేసిన ఇలాంటి ఎముకను ఇస్తుంది.

మూడోది పశువుల ఎముక నుంచి తీసిన ఖనిజం. బయో ఆస్, సెరాబోన్ ఈ కోవలోవే, రెండూ గోజాతి ఎముకవి. మాంసకృత్తులన్నీ పోగొట్టి ఖనిజపు చట్రం ఒక్కటే మిగులుస్తారు. ఇది చాలా నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఆకారం నిలబడుతుంది. నాలుగోది కృత్రిమం: హైడ్రాక్సీ అపటైట్, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్, లేదా రెండూ కలిపినది, బయోయాక్టివ్ గ్లాస్. ట్రైకాల్షియం ఒక్కటే వేస్తే త్వరగా కరిగిపోతుంది, కలిపిన దానిలో హైడ్రాక్సీ అపటైట్ నిలబడుతుంది.

మత విశ్వాసం వల్లనో శాకాహారం వల్లనో అభ్యంతరం ఉంటే నోరు విప్పి చెప్పండి. పౌడరు గురించి అడిగినవాళ్లు కూడా పైన కప్పే పొర గురించి అడగరు. కొలాజెన్ పొరల్లో చాలా వరకు పందివో పశువులవో ఉంటాయి. ఇష్టం లేకపోతే కృత్రిమ గ్రాఫ్ట్, దానిమీద మీ రక్తంతో చేసిన పీఆర్ఎఫ్ పొర లేదా ఒంట్లో కరగని ప్లాస్టిక్ రకం పీటీఎఫ్ఈ పొర వాడే వీలుందేమో అడగండి. అన్నిచోట్లా ఇవి సరితూగవు, పెద్ద గ్రాఫ్ట్‌లో పీఆర్ఎఫ్ పొర ఒక్కటే చాలదు, ఎందుకంటే అది రెండు వారాల్లోపే కరిగిపోతుంది.

బిల్లులో గ్రాఫ్ట్ ఎన్ని సీసీ, పొర ఏ సైజు, ఆపరేషన్ ఖర్చు విడివిడిగా రాయించండి. పౌడర్ సీసా మీద, పొర ప్యాకెట్ మీద ఉండే లాట్ నంబరు స్టిక్కరు మీ ఫైలులో అంటించమనండి. రెండేళ్ల తర్వాత మరో డాక్టరు చూడాల్సి వస్తే అది ఎంతో పనికొస్తుంది.

ఆ రోజు కుర్చీలో

చిన్న గ్రాఫ్ట్ అరగంట నుంచి గంట, సైనస్ అయితే గంటన్నర దాకా పడుతుంది. మామూలు పన్ను మత్తు ఇంజెక్షనే చాలు. టిఫిన్ చేసి, రోజువారీ బీపీ మాత్ర వేసుకుని వెళ్లండి. డాక్టరు ముందే యాంటీబయాటిక్ రాసి ఉంటే చెప్పిన టైముకు వేసుకోండి. పెన్సిలిన్ పడకపోతే ఆ మాట మందు రాసేటప్పుడే చెప్పాలి.

పీఆర్ఎఫ్ చేస్తుంటే చేతి నుంచి 10 మి.లీ. గొట్టాల్లో రక్తం తీసి వెంటనే గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు. అందులో గడ్డకట్టకుండా ఆపే మందు ఏదీ ఉండదు, అందుకే రెండు నిమిషాలు ఆలస్యమైనా గొట్టంలోనే గడ్డకట్టి పొర సరిగా రాదు.

తర్వాత చిగురును మడత విప్పినట్టు విప్పుతారు. ఎముక పైపెంకుకు సన్నటి రంధ్రాలు పెట్టి రక్తం ఊరేలా చేస్తారు. పాదు తీగ అక్కడి నుంచే బయల్దేరాలి. డ్రిల్ మీద చల్లటి సెలైన్ ధార పడుతూనే ఉండాలి, ఎందుకంటే 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక కణాలు చచ్చిపోతాయి. రేణువులను సెలైన్‌లోనో మీ రక్తంలోనో తడిపి తడి ఇసుకలా చేసి పేరుస్తారు. గట్టిగా దట్టించకూడదు, సందులు మూసుకుపోతే రక్తనాళాలకు దారి ఉండదు. వెడల్పు పెంచేటప్పుడు కొంత కరుగుతుందని లెక్కేసి కాస్త ఎక్కువే పేరుస్తారు. పొర గ్రాఫ్ట్ అంచులు దాటి 2, 3 మి.మీ. అన్ని వైపులా పరుచుకోవాలి, కదలకుండా చిన్న పిన్నులతోనో కుట్లతోనో బిగించాలి.

అసలు పనితనం కనిపించేది చివరి పది నిమిషాల్లో. లోపల గుట్టలా పెరిగింది కాబట్టి చిగురు మూయడానికి చాలదు. చిగురు లోపలి పొరను సన్నగా కోసి వదులు చేస్తే అది సాగి, లాగకుండానే అంచుకు అంచు కలుస్తుంది. లాగి బిగించి కుట్టారా, మూడో రోజుకో ఐదో రోజుకో వాపుతో కుట్లు తెగుతాయి. చిగురు వదులు చేయడం వల్ల బుగ్గ వాపు ఎక్కువగా వస్తుంది, అది మంచికేనని గుర్తుపెట్టుకోండి.

ఇంటికొచ్చాక

గాజుగుడ్డ అరగంట నుంచి గంట కొరికి పట్టండి. మొదటి రోజు ఉమ్మకండి, పుక్కిలించకండి, స్ట్రా వాడకండి. ఐస్ ప్యాక్ బుగ్గ మీద 15 నిమిషాలు పెట్టి, 15 నిమిషాలు ఆపి, మొదటి రోజంతా వీలైనన్నిసార్లు చేయండి. వేడి కాపడం వద్దు. రెండు దిండ్లు పెట్టుకుని తల ఎత్తులో పడుకోండి. వాపు రెండు మూడు రోజుల దాకా పెరిగి తర్వాత దిగుతుంది. మూడో రోజు పొద్దున అద్దంలో చూసి కంగారు పడటం మామూలే.

రెండో రోజు నుంచి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మి.లీ. నోట్లో పోసుకుని, పుక్కిలించకుండా తల అటూ ఇటూ వంచి, జారవిడవండి. రోజుకు రెండుసార్లు, రెండు వారాలు. టూత్‌పేస్టుకీ దీనికీ మధ్య అరగంట ఎడం ఉంచండి. కాఫీ, టీ తాగేవాళ్ల పళ్లకు గోధుమరంగు మరక పడుతుంది, క్లీనింగ్‌లో పోతుంది.

తిండి గురించి. మొదటి మూడు రోజులు చల్లారిన రాగిజావ, మజ్జిగ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ. తర్వాత మెత్తటి పప్పన్నం, కిచిడి, గుడ్డు. ఒక చిన్న విషయం: పోపు వేయకండి. పెరుగన్నంలో, పప్పులో ఉండే ఆవగింజ సరిగ్గా కుట్ల సందులో ఇరుక్కుంటుంది, దాన్ని నాలుకతో కెలికి కెలికి కుట్టు తెంపుకున్నవాళ్లు తక్కువేం కాదు. నువ్వులు, టమాటా గింజలు, ఉప్మా రవ్వ, పల్లీలు, జంతికలు కూడా అంతే. ఆవకాయ రెండు వారాలు జాడీలోనే ఉండనివ్వండి.

పెదవి లాగి కుట్లు చూసుకోకండి. ఇంట్లోవాళ్లకు చూపించడానికి లాగితే అదే కుట్టు మీద పడే అసలు లాగుడు. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు ఉంటే కనీసం రెండు వారాలు గ్రాఫ్ట్ మీద ఆనకూడదు, తర్వాత కూడా లోపలి భాగం అరగదీసి మెత్తటి పూత వేయించాకే. కుట్లు 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు.

సైనస్ గ్రాఫ్ట్ వాళ్లకు అదనంగా: రెండు వారాలు ముక్కు చీదొద్దు. తుమ్ము వస్తే ముక్కు మూయకుండా నోరు తెరిచి తుమ్మండి. శంఖం, సన్నాయి, బెలూన్ ఊదడం, కపాలభాతి, భస్త్రిక, జలనేతి ఆపండి. ముక్కులోంచి ఒకట్రెండు రోజులు కొంచెం రక్తం మామూలే. విమాన ప్రయాణం రెండు వారాల దాకా పెట్టుకోకపోవడం మేలు.

ఏవి మామూలు, వేటికి ఫోన్ చేయాలి

మొదటి వారం ఉప్పు కల్లు లాంటి రేణువులు నాలుగైదు నోట్లోకి వస్తే భయపడక్కర్లేదు. రోజూ వస్తుంటే, చీము రుచి తగులుతుంటే వెంటనే చూపించాలి. నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గినట్టే తగ్గి నాలుగో రోజు తర్వాత మళ్లీ పెరిగితే అది ఇన్ఫెక్షన్ సూచన. మత్తు దిగాక, మర్నాటికి కూడా కింది పెదవి మొద్దుబారే ఉంటే సోమవారం దాకా ఆగకండి, ఆ రోజే చెప్పండి. నరం నొక్కుకుపోయి ఉంటే తొలి గంటలు, రోజులే కీలకం. సైనస్ గ్రాఫ్ట్ తర్వాత ఒకవైపు ముక్కులోంచే దుర్వాసనతో స్రావం రావడం మంచిది కాదు.

ఎక్కువగా వచ్చే ఇబ్బంది కుట్లు తెరుచుకుని పొర తెల్లగా కనిపించడం. కొలాజెన్ పొర అయితే చాలాసార్లు క్లోర్‌హెక్సిడిన్ జెల్ రాస్తూ శుభ్రంగా ఉంచితే చిగురు దానంతటదే కప్పుకుంటుంది, గ్రాఫ్ట్‌లో కొంత పోవచ్చు. కరగని రకాల్లో, దట్టంగా ఉండే పీటీఎఫ్ఈ పొర గుంట మీద కావాలనే తెరిచి ఉంచి, 3, 4 వారాలకు లాగేస్తారు. కొన్ని గ్రాఫ్ట్‌ల్లో ఆకారం నిలపడానికి వేసే టైటానియం జాలీ బయటపడితే డాక్టరు వారంవారం చూడాలి. సైనస్ పొర చిరగడం కూడా అరుదేమీ కాదు, దాని మందం ఒక మి.మీ. కంటే తక్కువ. చిన్న చిరుగును కొలాజెన్‌తో మూసి పని కొనసాగిస్తారు, పెద్దదైతే ఆ రోజు ఆపేసి మూడు నెలల తర్వాత మళ్లీ తెరవడమే మంచి డాక్టరు చేసే పని. "మధ్యలో ఆపేశారు" అని చిన్నబుచ్చుకోకండి.

ఎన్నాళ్లు ఆగాలి

గుంట పూడ్చినదానికి 3, 4 నెలలు, పశువుల ఖనిజం వాడితే 4 నుంచి 6. పక్కకు పెంచినదానికి 5, 6 నెలలు. సైనస్‌కు 6 నుంచి 9. ఆ మీదట ఇంప్లాంట్ ఎముకలో కుదురుకోవడానికి మరో 3, 4 నెలలు, అప్పుడు క్యాప్.

అమెరికా, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి చేయించుకునేవాళ్లు ఈ లెక్కను టికెట్లు కొనకముందే వేసుకోవాలి. మూడు వారాల సెలవులో పన్ను తీయించి, గ్రాఫ్ట్, ఇంప్లాంట్, క్యాప్ అన్నీ అయిపోతాయంటే నమ్మకండి. దిగిన మొదటి వారంలోనే గ్రాఫ్ట్ పెట్టించుకుంటే కుట్లు తీయించుకుని వెళ్లొచ్చు. రెండో రాకకు ఇంప్లాంట్, మూడో రాకకు క్యాప్. ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఏ సైజుదో కాగితం మీద రాయించుకుంటే క్యాప్ పని అక్కడే చేయించుకోవచ్చు.

గడువు తీరాక నేరుగా ఇంప్లాంట్‌కు వెళ్లకుండా మరోసారి స్కాన్ తీయించాలి. పాత కొలతల పక్కన కొత్తవి పెట్టి చూడండి, అదే చోట, అదే లోతులో. చిగురు తెరిచినప్పుడు గ్రాఫ్ట్ చోటు గట్టిగా ఉండి, డ్రిల్ పెట్టగానే రక్తం ఊరితే అది ఎముక. స్క్రూ 30, 35 న్యూటన్ సెంటీమీటర్ల బిగింపుతో కూర్చుంటే మంచి పట్టు. రేణువులు ఇంకా ఇసుకలా విడిపోతుంటే స్క్రూ పెట్టకుండా మళ్లీ మూసేసి, ఇంకో రెండు మూడు నెలలు ఆగాల్సిందే.